మూరెడు దూరం

పందొమ్మిదేళ్లుగా మా ఊరు పాప్లర్ బెండ్‌లో పిల్లల బేస్‌బాల్ లీగ్ నేనే నడుపుతున్నాను. నడపడమంటే పెద్ద కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టడమనుకునేరు. మార్చిలో మైదానంలో నిలిచిన నీళ్లు బకెట్లతో తోడేది నేను. ఏప్రిల్‌లో ఆరు జట్లకు చొక్కాలు, టోపీలు పంచేది నేను. తినుబండారాల కొట్లో ఏ రోజు ఎవరి తల్లి నిలబడాలో రాసి తలుపుకు అంటించేది నేను, ఆ తల్లి రాకపోతే హాట్‌డాగ్‌లు ఉడకబెట్టేదీ నేనే. అంపైర్ ఎగ్గొడితే ఆ ఇనప ముసుగు తగిలించుకుని ఊళ్లోవాళ్ల చేత తిట్లు తినేదీ నేనే. మా అబ్బాయి ఆడే రోజుల్లో "ఒక్క ఏడాది చూసుకో వెర్నా" అని అడిగితే సరేనన్నాను. వాడికిప్పుడు బట్టతల కూడా వచ్చేసింది. తాళాల గుత్తి మాత్రం ఇంకా నా జేబులోనే ఉంది.

"ఈ ఏడాదితో సరి" అని ప్రతి ఏడాదీ అంటాను. ఎవరూ పట్టించుకోరు. పొద్దున స్కూలు బస్సు నడిపి, సాయంత్రం లీగ్ నడిపి, మోకాళ్లు రెండూ అరిగాక ఈసారి మాత్రం నిజంగానే అన్నాను. జూలై ఆఖరి శనివారం ఊరి కప్పు ఆట అయిపోగానే తాళాలు లైల్ కూంబ్స్ చేతిలో పెట్టేస్తానని మార్చి సమావేశంలోనే చెప్పేశాను. లైల్ బీమా ఏజెంటు, నలభై ఏళ్లవాడు, అంత్యక్రియలు జరిపించే వాళ్ల జట్టుకి కోచ్. మా ఊళ్లో ఒక్కో జట్టుకి ఒక్కో వ్యాపారి చొక్కాలు కొనిస్తాడు. ఆ జట్టు పిల్లల వీపుల మీద శవపేటికల వాళ్ల పేరుంటుంది. మిగతా పిల్లలు వాళ్లని దెయ్యాలంటారు. వాళ్లకీ ఆ పేరే ఇష్టం.

ఆ మార్చిలోనే హోం ప్లేటు పగిలింది. బ్యాటు పట్టినవాళ్ల పక్కన నేలలో పాతి ఉండే తెల్ల రబ్బరు పలక అది. ముందంచు తిన్నగా ఉంటుంది, వెనక వైపు మొనదేలి ఉంటుంది. దిబ్బ మీద నిలబడి బంతి విసిరేవాళ్ల కాలికింద ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ నుంచి పలక వెనక మొన దాకా నలభై ఆరు అడుగులుండాలి. ఆ కొలత మా ఊళ్లో పిల్లలకు కూడా నోటికొచ్చు.

కొత్త పలక పాతడానికి నేనూ, మా బావగారు ఓడెల్ కలిసి వెళ్లాం. పోయిన మా ఆయనకు అన్నగారు ఆయన. డెబ్బై నాలుగేళ్లొచ్చినా మైదానం పని ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. ఆ రోజు వాన, మంచు కలిసి పడుతున్నాయి. ఆయన దిబ్బ దగ్గర టేపు పట్టుకున్నాడు, నేను పలక దగ్గర. మొన ఉండాల్సిన చోట గుంట నిండా నీళ్లు. సరే, ప్రస్తుతానికి ముందంచు దగ్గర టేపు పెడదాం, నీళ్లు తోడాక సర్దుకోవచ్చులే అనుకుని "నలభై ఆరు" అని అరిచాను. అంతలో జేబులో ఫోను మోగింది. కొట్లో ఫ్రీజర్ చచ్చిపోయిందట, నీళ్లు నేలంతా పారుతున్నాయట. అది చూసుకుని నేను తిరిగొచ్చేసరికి బావగారు పలక పాతేసి, చుట్టూ మట్టి దిమ్మిస కొట్టి, పార కడుక్కుంటున్నాడు.

"బానే ఉందిగా అమ్మాయ్?" అన్నాడు.

"బానే ఉంది బావగారూ, పదండి, చలి చంపేస్తోంది" అన్నాను. నీళ్ల సంగతి గానీ, ముందంచు సంగతి గానీ మళ్లీ నాకు గుర్తే రాలేదు.

ఇక టాన్సీ ప్రూయిట్ గురించి చెప్పాలి. దెయ్యాల జట్టులో బంతి విసిరే పిల్ల. పన్నెండేళ్లు, పీలగా పొడుగ్గా ఉంటుంది, టోపీ లోంచి ఎర్ర జడ వేలాడుతుంటుంది. పోయినేడాది ఆ పిల్ల విసురుతుంటే మగపిల్లలు బ్యాటు ఊపి ఊపి గాలికి విసనకర్ర పట్టి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల నాన్న హార్లన్ రాళ్ల క్వారీలో పనిచేస్తాడు. చిన్నప్పుడు నా బస్సులోనే బడికెళ్లాడు. పెరట్లో దిబ్బ మీది పట్టీకి బదులు ఒక చెక్క పాతి, పాత టైరు కోసి పలక చేసి, రోజూ సాయంత్రం బకెట్‌డు బంతులు ఆ పిల్ల చేత విసిరించేవాడు.

మా చిన్న మైదానంలో పన్నెండేళ్లే ఆఖరు. పదమూడు నిండితే హైస్కూలు వెనక పెద్ద మైదానానికి పోవాలి, అక్కడ దూరాలు వేరు. ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్‌కి వెళ్లిపోతారు, అక్కడ బంతి పెద్దది, చెయ్యి కింద నుంచి విసరాలి. అంటే ఆ దిబ్బ మీద టాన్సీకి ఇదే ఆఖరి వేసవి. ఆ పిల్లకి ఆ సంగతి బాగా తెలుసు. మొదటి ఆట రోజు గంట ముందే వచ్చి దిబ్బ మీద కూర్చుంది.

ఆ ఆటలో ఆమె బంతులన్నీ పలక ముందే దుమ్ములో పడ్డాయి. నాలుగు తప్పుడు బంతులు పడితే బ్యాటు పట్టినవాడు ఉత్తినే మొదటి బేస్‌కి నడిచిపోతాడు. ఆ రోజు తొమ్మిది మందిని అలా నడిపించింది. రెండో ఆటా అంతే. మూడో వారం, నేను కంచె దగ్గర గీతల సున్నం కలుపుతుంటే వచ్చి నిలబడింది.

"మిస్ వెర్నా, పలక దూరంగా ఉన్నట్టుందండీ."

ఆ సాయంత్రం అంపైర్ రాలేదు. కొట్లో ఉండాల్సిన తల్లీ రాలేదు. సున్నం గడ్డ కట్టింది. నా ఒళ్లు మండిపోతోంది.

"పలకకి కాళ్లుంటాయేంటే నడిచిపోడానికి?" అన్నాను. "శీతాకాలమంతా సోఫాలో పడుకున్న నీ చెయ్యి ఇంకా లేవలేదు, అదీ సంగతి!"

కంచె పక్కన నీళ్లు తాగుతున్న రెండు జట్ల పిల్లలూ విరగబడి నవ్వారు. పెద్దవాళ్లు కూడా కొందరు నవ్వారు. భలే అన్నాననుకుని నేనూ నవ్వాను. టాన్సీ మొహం జడకంటే ఎర్రబడింది. టోపీ కిందకి లాక్కుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి "నడిచే పలక" అని ఆ పిల్లకి పేరు పడిపోయింది. ఆమె దిబ్బ ఎక్కితే చాలు, అవతలి బెంచీ మీద నుంచి "పట్టుకోండ్రోయ్, పలక పారిపోతోంది!" అని కేకలు.

నిజానికి ఆ ఏడాది ఎవరి బంతీ సరిగ్గా పోలేదు. కొన్నాళ్లకి మిగతా పిల్లలు బంతిని పైకెత్తి విసరడం అలవాటు చేసుకున్నారు. టాన్సీది తిన్నగా పోయే బంతి. అది పలక దాకా వెళ్లకుండానే చచ్చిపోయేది. గంటన్నరలో అయిపోవాల్సిన ఆటలు రెండున్నర గంటలు సాగాయి. ఇద్దరు అంపైర్లు తిట్లు పడలేక మానేశారు. నేను తప్పు వెతకని చోటు లేదు. ఫోన్లు పట్టుకుని పిల్లలు చెడిపోయారన్నాను, కోచ్‌లకి నేర్పడం రాదన్నాను, ఉక్కపోత అన్నాను. మా బావగారికి పలక మొన నుంచి గీసే సున్నం గీత మూడో బేస్ మూలకి కలవడం మానేసింది. తన చూపే తగ్గిందనుకుని మేలో కళ్లజోడు మార్చాడు. అయినా కలవలేదు. జూన్‌లో ఇంకోసారి మార్చాడు.

జూన్ మధ్యలో ఒక ఆట మరీ సాగింది. పసిపిల్లల్ని భుజాన వేసుకుని తల్లులు కొట్టు మీద నేను కూర్చునే చెక్కగది కిటికీ కింద నిలబడి కేకలేశారు. మర్నాడు లైల్‌ని పిలిచాను.

"ఆ ప్రూయిట్ పిల్లని కుడి మూలకి పంపించేయ్ లైల్. తెల్లారేదాకా ఆడిస్తున్నావు మమ్మల్ని."

"వాళ్ల నాన్న నన్ను బతకనివ్వడు మిస్ వెర్నా."

"వాళ్ల నాన్నకి నేను చెప్తాలే."

చెప్పాను. హార్లన్ క్వారీ దుమ్ముతోనే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. "పెరట్లోకొచ్చి ఒక్కసారి చూడండి మిస్ వెర్నా. ఒక్కటంటే ఒక్క బంతి తప్పదు" అన్నాడు.

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అన్నాను నేను. "కొందరు పిల్లలంతేరా. జనాన్ని చూడగానే బిగుసుకుపోతారు. నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను?"

అతను తలొంచుకుని వెళ్లిపోయాడు. ఆ మాటని ఇంటికి పట్టుకెళ్తాడని నేననుకోలేదు. ఆ తర్వాత టాన్సీ కుడి మూలన నిలబడింది. అటు వైపు బంతి వచ్చేది ఆటకి ఒకసారో రెండుసార్లో. మిగతా సమయమంతా బూటు మొనతో గడ్డి పీకుతూ ఉండేది. ఆటలు కొంచెం తొందరగా ముగిశాయి. నాకు హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

జూలై ఆఖరి గురువారం జిల్లా నుంచి జెంట్రీ అనే ఆయన వచ్చాడు. ఆగస్టులో జిల్లా పోటీలు మా మైదానంలో పెట్టాలంటే ముందు ఆయన వచ్చి కొలతలు చూసి వెళ్లాలి. వస్తూనే టేపు కొక్కేన్ని పలక వెనక మొనకి తగిలించి దిబ్బ దాకా నడిచాడు. వంగి చూశాడు. వెనక్కొచ్చి మళ్లీ తగిలించి మళ్లీ నడిచాడు.

"నలభై ఏడడుగుల ఐదంగుళాలు" అన్నాడు. "మేడమ్, పలక ముందంచు నుంచి కొలిచినట్టున్నారు."

పదిహేడు అంగుళాలు. మూరెడు అనుకోండి. ఆ గుంట, ఆ నీళ్లు, ఫ్రీజర్, సర్దుకోవచ్చులే అనుకున్న నా బుద్ధి, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. 

జెంట్రీ మంచివాడు. "సోమవారంలోగా సర్దేయండి. నేను కాగితం మీద ఏమీ రాయను" అని చెప్పి, కొట్లో ఒక చిల్లీ డాగ్ తిని వెళ్లిపోయాడు.

బావగారు పలక పక్కన నేల మీద చతికిలపడ్డాడు. కళ్లజోడు తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"అయితే నా కళ్లు బానే ఉన్నాయన్నమాట" అన్నాడు చివరికి.

"తప్పు నాది బావగారూ. నీళ్లున్నాయని ముందంచు దగ్గర పట్టుకున్నాను. మీకు చెప్పడం మర్చిపోయాను."

"ఇప్పుడెవరికి తెలుసు? ఆయన చెప్పనన్నాడు, నేను చెప్పను. సాయంత్రం ఇద్దరం తవ్వి సర్దేద్దాం. ఎల్లుండి తాళాలిచ్చేసి నీ దారిన నువ్వు పోతావు. పందొమ్మిదేళ్లు చాకిరీ చేసి ఆఖరి రోజు రాళ్లేయించుకుంటావా అమ్మాయ్?"

ఆయన చెప్పింది నాకు నచ్చింది. ఒప్పుకుంటున్నాను, చాలా నచ్చింది. నేను అలసిపోయి ఉన్నాను. ఇంకొక్క తగువు, ఇంకొక్క కేక పడే ఓపిక నాలో లేదు. ఇంటికెళ్లి మొక్కజొన్న రొట్టె, చిక్కుడుగింజల పులుసు ముందు పెట్టుకుని కూర్చున్నాను. బూటు మొనతో గడ్డి పీకుతున్న ఆ పిల్లే కళ్లముందు కనపడింది. ఫోన్లు, అంపైర్లు, ఉక్కపోత సంగతి ఎలా ఉన్నా, ఆ పిల్ల మాత్రం నాకు నిజం చెప్పింది. నోరు మూసుకుని పలక సర్దేస్తే తన చేతిలోనే ఏదో లోపముందని ఆమె జన్మంతా అనుకుంటుంది. శనివారం దాటితే ఆ దిబ్బ ఎక్కి చూసుకునే అవకాశం కూడా ఉండదు.

శుక్రవారం పొద్దున్నే టేపు పట్టుకుని ప్రూయిట్ల ఇంటికి వెళ్లాను. హార్లన్ రాత్రి షిఫ్టు చేసి వచ్చి వరండాలో కాఫీ తాగుతున్నాడు. ఏమీ చెప్పకుండా పెరట్లోకి నడిచి, టైరు పలక మొన దగ్గర టేపు తగిలించమన్నాను. చెక్క దాకా సరిగ్గా నలభై ఆరడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు మైదానంలో కొలత ఎంతుందో, ఎందుకలా అయిందో చెప్పాను.

హార్లన్ టేపు కింద పడేశాడు.

"దాన్ని నేను ఏమేమన్నానో తెలుసా మీకు?" అన్నాడు. "పిరికిదానివన్నాను. పులీ పిల్లీ అని మీరన్న మాటే దాని మొహాన కొట్టాను. కన్నకూతుర్ని! ఆరు వారాలైంది అది ఈ పెరట్లో బంతి ముట్టుకుని. చూడండి, బకెట్‌లో వాననీళ్లు నిలిచాయి."

"నాదే తప్పురా హార్లన్."

"మీదే. కాదని నేనూ అనను. మీ బస్సులో పన్నెండేళ్లు తిరిగాను కాబట్టి నోరు కట్టేసుకుంటున్నాను, లేకపోతే ఈపాటికి గేటు బయటుండేవాళ్లు."

ఇంటి వెనక దోమల వలతలుపు చప్పుడైంది. టాన్సీ పాలూ సీరియలూ కలుపుకున్న గిన్నెతో మెట్ల మీద నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"ఎంత ఎక్కువుంది?" అంది.

"పదిహేడంగుళాలమ్మా."

గిన్నె మెట్టు మీద పెట్టి వచ్చి, కింద పడ్డ టేపు తీసుకుని పదిహేడంగుళాలు లాగి చూసుకుంది. తన మోచేతి పక్కన పెట్టుకుని కూడా చూసుకుంది.

"నేను ఏప్రిల్‌లో చెప్పాను మీకు."

"చెప్పావు తల్లీ."

"పలకకి కాళ్లుండవన్నారు."

"అన్నాను. బుద్ధి లేక అన్నాను. తప్పైపోయింది."

టేపు చుట్టేసి నా చేతిలో పెట్టింది. నా మొహంలోకి సూటిగా చూసింది.

"అప్పుడు కంచె దగ్గర అన్నారు. అందరూ విన్నారు. ఇప్పుడు మా పెరట్లోకొచ్చి నా ఒక్కదానికే చెప్తున్నారు."

ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. వలతలుపు నెమ్మదిగా మూసుకుంది. తను తలుపు విసిరికొట్టి వెళ్లినా నాకు అంత సిగ్గుగా ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం నేనూ బావగారూ పలక తవ్వి, ఈసారి మొనకి టేపు తగిలించి, మూడుసార్లు కొలిచి పాతాం. సున్నం గీత మూడో బేస్ మూలకి చక్కగా వెళ్లి ఆనింది. "రెండు కళ్లజోళ్లు, నీ పుణ్యమా అని" అని ఆయన గొణిగాడు. రేపు మైకులో చెప్పేస్తానంటే నా వంక అదోలా చూసి, "నీ ఇష్టం. మెట్ల దగ్గర నేనుంటాలే, పైకెవరైనా వస్తే అడ్డం పడటానికి" అన్నాడు.

శనివారం ఊరంతా వచ్చింది. దెయ్యాలకీ, పశువుల దాణా కొట్టు జట్టుకీ ఆఖరి ఆట. కొట్టు మీద చెక్కగదిలో మైకు ముందు కూర్చున్నాను. ఏటా ప్రార్థన, జాతీయగీతం అయ్యాక పిల్లల పేర్లు చదువుతాను. ఈసారి పేర్ల కాగితం పక్కన పెట్టాను.

"ముందు ఒక మాట" అన్నాను. "మార్చిలో పలక తప్పు కొలతతో పాతించింది నేనే. ఈ వేసవంతా మీ పిల్లలు మూరెడు ఎక్కువ దూరం నుంచి బంతి విసిరారు. నిన్ననే సరిచేశాం. తప్పు ఫోన్లది కాదు, అంపైర్లది కాదు, పిల్లలది అసలే కాదు. టాన్సీ ప్రూయిట్ ఏప్రిల్‌లోనే పలక దూరంగా ఉందని నాకు చెప్పింది. నేను కొలిచి చూడలేదు. పైగా మీ అందరి ముందూ ఎగతాళి చేశాను. ఆ పిల్ల చెప్పింది నిజం. ఇంత మందిలో నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే."

కందిరీగల తుట్టె కదిలింది. "అయితే ఆడినవన్నీ మళ్లీ ఆడించండి!" అని ఒకడు. "మావాడి చెయ్యి వాచిపోయింది, ఆ డాక్టరుకి ఏం చెప్పమంటావు?" అని ఒకామె. "తల నెరిసింది, టేపు చూడ్డం రాదు!" అని వెనక నుంచి ఎవరో. అన్నీ నాకు తగినవే. లైల్ బావగారిని తోసుకుని మెట్లెక్కి వచ్చేశాడు.

"ఆట అయ్యాక చెప్పుకోవచ్చుగా మిస్ వెర్నా! ఇప్పుడు వీళ్లందరికీ సోమవారం నుంచి జవాబు చెప్పాల్సింది నేనా? ఆ తాళాలు నాకొద్దు. మీరే ఉంచుకోండి."

"సర్లే నాయనా, కిందకెళ్లు. నీ పిల్లలు ఎదురుచూస్తున్నారు" అన్నాను. నాకు ఆశ్చర్యం కూడా కలగలేదు.

ఆట మొదలైంది. లైల్ పెట్టిన కుర్రాడి మొదటి బంతి పలక వెనక కూర్చున్న క్యాచర్ తల మీదుగా పోయి వెనక కంచెకి తగిలింది. రెండోదీ అంతే. వేసవంతా మూరెడు ఎక్కువ దూరానికి అలవాటైన చేతులు ఒక్క రోజులో ఎలా మారతాయి? అవతలి జట్టువాళ్ల బంతులూ ఆకాశానికే పోయాయి. నడిచేవాళ్లు నడుస్తూనే ఉన్నారు. మూడో ఇన్నింగ్స్‌కి దెయ్యాలవి తొమ్మిది పరుగులు, దాణా కొట్టువి పన్నెండు. లైల్ దగ్గర విసిరేవాళ్లు ఇద్దరూ అయిపోయారు. బెంచీ ముందు అటూ ఇటూ తిరిగాడు, తల గోక్కున్నాడు, చివరికి కుడి మూల వైపు చెయ్యి ఊపాడు.

టాన్సీ పరిగెత్తలేదు. నడిచి వచ్చింది. బంతి తీసుకుంది, కానీ దిబ్బ ఎక్కలేదు. తిన్నగా పలక దగ్గరికి వెళ్లింది. వెనక మొన దగ్గర మడమ ఆనించి, ఒక పాదం ముందు ఇంకో పాదం అంటించి పెట్టుకుంటూ దిబ్బ వైపు లెక్కపెట్టుకుంటూ నడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. బ్యాటు పట్టిన పిల్లాడు పక్కకి జరిగాడు. అవతలి బెంచీలో ఎవడో నవ్వబోతే వాడి కోచే వీపు మీద ఒకటి వేశాడు. అంపైర్ గడియారం చూసుకుని, మెడ ఎత్తి నా కిటికీ వైపు చూశాడు. తొందర పెట్టమంటానేమోనని. పందొమ్మిదేళ్లూ అదే పని చేశాను మరి. నేను తల అడ్డంగా ఊపాను. నడవనీ, ఎంతసేపైనా నడవనీ.

కంచె దగ్గర హార్లన్ రెండు చేతులతో తీగ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల పెదవులు కదులుతుండటం పైనుంచి నాకు కనపడుతూనే ఉంది. తన పాదాల లెక్కలో యాభై ఎనిమిదోదానికి రబ్బరు పట్టీ తగిలింది. ఒకసారి వెనక్కి తిరిగి పలక వైపు చూసుకుని దిబ్బ ఎక్కింది.

మొదటి బంతి ఎత్తుగా పోయింది. రెండోది పక్కకి పోయింది. మూడోది తిన్నగా వెళ్లింది. క్యాచర్ చేతి తొడుగు ఉన్నచోటు నుంచి కదల్లేదు, చప్పుడు మాత్రం నా గది దాకా వినపడింది. బంతి సరిగ్గా పడిందని అంపైర్ కుడి చెయ్యి పైకెత్తాడు. హార్లన్ తీగకి నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు.

ఆమె ఒకణ్ని ఉత్తినే నడిపించింది, ఇంకొకడు కొట్టాడు కూడా. అయినా ముగ్గుర్ని వెనక్కి పంపింది. తర్వాత రెండు ఇన్నింగ్సూ తనే విసిరింది. చివరికి దెయ్యాలు రెండు పరుగుల తేడాతో ఓడిపోయాయి. కప్పు దాణా కొట్టు వాళ్లు ఎత్తుకుపోయారు. నా వీడ్కోలుకని తెచ్చిన కేకు ఎవరూ కోయలేదు. అది కొట్లో అట్టపెట్టెలోనే ఉండిపోయింది. తాళాల గుత్తి జేబులో తొడకి గుచ్చుకుంటూనే ఉంది.

జనం లేచి కార్ల వైపు కదులుతున్నారు. కొందరు నా కిటికీ వైపు చూసి మొహం తిప్పుకున్నారు. నేను కాగితాలు సర్దుకుంటుంటే టాన్సీ దెయ్యాలందరితో కలిసి కింద నుంచి వెళ్తూ ఆగింది. మోకాళ్ల దాకా మట్టి, జడ సగం ఊడిపోయింది. తల పైకెత్తింది.

"మిస్ వెర్నా!" అని అరిచింది. "పలక తిరిగి నడిచొచ్చేసిందండోయ్, చూశారా!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొహం రెండు చేతుల్లో కప్పుకుని ఏడ్చాను. మైకు ఆపడం అప్పటికింకా మర్చిపోయే ఉన్నాను.

అందరూ విన్నారు.